పోని గీతలు

నాన్నగారు మానుకోటలో నడిపిన మారుతి 800, ఆయన పోయాక నాతో భూపాలపల్లికి వచ్చింది. ఇక్కడి బొగ్గు ధూళి సంగతి చెప్పనక్కరలేదు. బానెట్ వెలిసిపోతే జనగామలో రంగు వేయించాను. అదే ముదురు నీలం. తర్వాత మెషీన్‌తో పాలిష్ పట్టబోతే, ఎంత రుద్దినా సన్నని గీతలు పోవే! కాంపౌండు మార్చాను, వేగం పెంచాను. మర్నాటి ఎండలో మళ్ళీ అవే.

కారును తిరిగి జనగామ తీసుకువెళితే, పెయింటరు పెద్దాయన గీతలకంటే ముందు నా చేతిలోని గుడ్డను చూశారు. కర్మాగారంలో రంగును సుమారు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. షెడ్డులో హార్డెనరు కలిపి గాలికి ఆరబెట్టినది తరచు అంతకంటే మెత్తన. పాత గీతలు ఎప్పుడో పోయాయి; తుడిచిన ప్రతిసారీ కొత్తవి గీస్తున్నది నేనే. మెషీన్ గీతలైతే వలయాలుగా ఉండేవి. ఇవి నా చెయ్యి కదిలినట్టే అడ్డంగా ఉన్నాయి. ఆమాత్రం గమనించలేదు చూడండి!

కొత్త మైక్రోఫైబర్ గుడ్డ, శుభ్రమైన మెత్తని ప్యాడు, సన్న పాలిష్. అదిమిపట్టకుండా, ముందుగా జానెడు చోట. పోయాయి. అయితే నేను అదేపనిగా రుద్దిన అంచు దగ్గర ప్యాడుకు నీలం అంటింది. క్లియర్ కోటు అక్కడ అరిగిపోయిందన్నమాట.

డ్రైవరు తలుపుది పాత రంగే. తాళం చుట్టూ నాన్నగారి తాళాలగుత్తి గీసిన గీతలున్నాయి. మెషీన్ అటు తీసుకుపోలేదు.