పాత కారుకు బీడింగు ఊడితే వదిలేయకండి



ఈసారి పంట గురించి కాదు, కారు గురించి రాస్తున్నా. మన ఊళ్లల్లో పాత మారుతీ 800లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి కదా. 1983లో మొదలైన ఆ బండి తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. మాది 2009 మోడల్, ఏపీ 16 నంబరు. 15 ఏళ్లు నిండాక 2024లో 5 వేలు ఫీజు కట్టి ఇంకో ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నాం. అంటే 2029 దాకా దీని రేకు కాపాడుకోవాలి. మా ఆవిడకు వారానికి రెండుసార్లు బెజవాడలో డయాలసిస్. తెల్లారుజామున నాలుగింటికి బయల్దేరాలి, ఆ టైముకి మా ఊరికి బస్సు లేదు. ఈ కారు పోతే ఇంకో కారు కొనేంత పంట నా రెండెకరాల్లో పండదు.

మొన్న దాళ్వా కోతలప్పుడు ఇంటి ముందు ఆపి ఉన్న బండిని కోత మిషను రాసుకుంటూ పోయింది. బంపరు మూల చీలింది, డోరు మీద నల్ల బీడింగు ఊడింది. "పోనీలే నాన్నా, అది షోకుకే కదా" అన్నాడు మావాడు.

షోకు కాదండీ. బీడింగు వెనకాల క్లిప్పులుంటాయి, అవి దూరడానికి రేకుకి బెజ్జాలుంటాయి. బీడింగు ఊడిందంటే ఆ బెజ్జాల్లోకి వాన నీళ్లు పోతాయి. అంచున పెయింటు లేచి తుప్పు మొదలవుతుంది. గట్టుకి ఎలుక బొరియ పడ్డట్టే, పైకి చిన్నదే, లోపల తినేస్తూ పోతుంది.

ముందు బెజ్జం చుట్టూ తుప్పుని ఎమిరీ పేపరుతో రుద్ది, గేట్లకు వేసే రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు వేయండి. ఆరాక పైన బండి రంగు వేసి కొత్త క్లిప్పు నొక్కండి. క్లిప్పు కోసం ఆటోనగర్ వెళ్లేటప్పుడు విరిగినదాన్ని జేబులో వేసుకెళ్లండి. ఒక్కో బండికి ఒక్కో సైజు, నోటితో చెబితే కుదరదు. పనిలో పనిగా డోరు అడుగున నీళ్లు కారే కంతల్లో దుమ్ము, ఊక ఉంటే పుల్లతో తీసేయండి.

ఇక బంపరు. షెడ్డులో అడిగితే మొత్తం మార్చాలన్నారు. మీరు ముందు దాని లోపలివైపు చూడండి, ఏ ప్లాస్టిక్కో అచ్చు వేసి ఉంటుంది. ఏబీఎస్ అని ఉంటే గమ్ముతో అతుకుతుంది. పీపీ అని ఉంటే మామూలు గమ్ము పట్టదు. బియ్యం వచ్చే ప్లాస్టిక్ సంచి కూడా ఆ జాతిదే. దీన్ని వేడితోనే అతకాలి.

చీలికని కడిగి, ఆరబెట్టి, రెండు అంచులు సరిగ్గా కలిపి బిగించండి. లోపలివైపు నుంచి సోల్డరింగ్ ఐరన్‌తో అక్కడక్కడా కరిగించి అతకండి. దాని మీద పాత స్టీల్ జల్లెడ జాలీ ముక్క పెట్టి, ప్లాస్టిక్‌లో మునిగేదాకా వేడితో నొక్కండి. పైన అదే పీపీ ముక్క కరిగించి కప్పేయండి. సిమెంటులో ఇనుప చువ్వ ఎలాగో ఇందులో జాలీ అలాగ. బయటివైపు గీత మూశాక ఎమిరీతో నున్నగా చేసి, ప్లాస్టిక్ ప్రైమరు వేశాకే రంగు వేయండి, లేకపోతే పొరలుగా లేచిపోతుంది. పొగ మంచిది కాదు, ఆరుబయట చేయండి. గడ్డివాము దగ్గర మాత్రం వద్దు.

సోల్డరింగ్ ఐరన్‌తో కలిపి నాకు 500 లోపే అయింది, ఒక ఆదివారం పట్టింది. బంపరు వెనక ఇనుము వంగినా, లైటు పగిలినా ఇంట్లో పెట్టుకోకండి, మెకానిక్కే చూడాలి.

అమ్మబోతే పాత బండికి ధర రాకపోవచ్చు. అర్ధరాత్రి ఇంట్లో మనిషికి బాగోకపోతే దాని విలువ తెలుస్తుంది. తొలకరి పడకముందే మీ బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఎక్కడ బెజ్జం తెరుచుకుందో చూసుకోండి.