గుమ్మఘట్ట బస్సులో

గుమ్మఘట్ట పేరు మీలో పెక్కుమంది వినియుండరు. అనంతపురము జిల్లా పడమటి కొసను, రాయదుర్గమునకు చేరువగా, వానకు మొగము వాచిన మెట్టనేలపై నున్న ఊరది. వేదవతీ నదికి కట్టిన భైరవానితిప్ప జలాశయము ఈ మండలములోనిదే. అది నిండిన యేడు పండుగ. నిండని యేండ్లే మెండు. వేరుసెనగ చేలు దాటి కొంతదూరము పోయినచో కర్ణాటకము. ఆ పక్క పిల్లను తెచ్చుకొనుటయు, ఈ పక్క పిల్లనిచ్చుటయు ఇచ్చట పూర్వమునుండి కలదు.

మొన్న మేము రాయదుర్గమునకు పోవలసి పల్లెవెలుగు బస్సెక్కితిమి. 2025 ఆగస్టు 15 మొదలు మన రాష్ట్రమున స్త్రీ శక్తి పథకము వలన ఈ బస్సులలో ఆడువారికి ఛార్జీ లేదు. ఆధారు చూపగా కండక్టరు మాకు సున్న టిక్కెట్టు నిచ్చెను. మా ప్రక్కను చంకబిడ్డతో నొక చిన్నది కూర్చుండెను. ఆమె కార్డు చూచి అతడు, "అక్కా, ఇది మొలకాల్మూరు అడ్రసు. ఈడ చెల్లదు, టిక్కెట్టు తీసుకోవాల" అనెను.

"నాకు ఈడ పెండ్లయి మూడేండ్లాయ గదన్నా!"

అతనిని తప్పు పట్టలేము. ఉంగరము లేనిదే మహారాజంతవాడు శకుంతలను గుర్తింపలేదు!

మెట్టినింట కాలు మోపిన నాడే ఆడుదాని గోత్రము మారును, ఇంటిపేరు మారును. కార్డులోని ఊరు మాత్రము తనంత మారదు. మార్పించుకొమ్మని చెప్పితిమి. ఆమె నవ్వి, "మారిస్తే ఆ పక్క పోతాది గదమ్మా" అనెను. నిజమే. కర్ణాటకమున 2023 జూన్ 11 నుండి శక్తి పథకము కలదు. అదియు ఆ రాష్ట్రపు ఆడువారికే. ఆమె తల్లికి పక్షవాతము. నెలకు రెండుమార్లు మొలకాల్మూరు నుండి చెళ్ళకెర ఆసుపత్రికి ఈమెయే తీసికొనిపోవలెను. వేరు దిక్కు లేదు.

ఈ చిక్కు మనకు మాత్రమే యనుకొనరాదు. ఐరోపాలో ఎస్టోనియా రాజధానియగు టాలిన్ నగరము 2013 జనవరి 1 నుండి ఉచిత ప్రయాణ మేర్పరచెను. అది ఆ పురమున నివాసము నమోదైన వారికే. పొరుగూరినుండి పనికి వచ్చువాడు సొమ్ము చెల్లింపవలసినదే. లక్సెంబర్గు అను చిన్న దేశమునకు పొరుగు దేశములనుండి దినదినము రెండు లక్షలకు పైగా పనివారు వత్తురు. అచ్చట 2020 నుండి, రైలులో మొదటి తరగతి తప్ప, ఎవ రెక్కినను ఉచితమే. ఊరు పేరడుగువారు లేరు. సంపన్న దేశము గనుక సాగినదని మావారందురు. కావచ్చును. ఏ ప్రభుత్వమైనను తన జనులకే ఖర్చు పెట్టుననుటయు న్యాయమే. రెండిండ్ల నడుమ తిరుగు ఈ చిన్నది ఎవరి జనులలోనిదో ఆ న్యాయము చెప్పదు.

రాయదుర్గమున దిగితిమి. ఆమె కొంగుముడి విప్పి చిల్లర లెక్కించుకొనెను. మొలకాల్మూరు బస్సెప్పుడని అడుగుచు బిడ్డను రెండవ చంకకు మార్చుకొని నడచెను.