కంచె మీద కబుర్లు: మీ అమ్మాయిని కనూ ఎక్కనివ్వండి

వదినగారూ, రాత్రి పడిన మంచుకి మీ గోంగూర కూడా నల్లబడిపోయిందే! మాది మొత్తం పోయింది. సొరపాదు నిన్ననే పీకేశాను. ఇంక మే నెల దాకా మన మినసోటా పెరళ్ళకి సెలవే. అది సరేగానీ, మీ అమ్మాయి నిన్న ఆకులు ఊడుస్తూ ఇటొచ్చి నిలబడింది. ఈ అక్టోబరు నెలాఖర్న స్నేహితులతో ఈలీ అనే ఊరు వెళ్ళి బౌండరీ వాటర్స్‌లో రెండు రాత్రులు కనూ అనే తెడ్డుపడవ వేసుకుని తిరిగొస్తామందట, మీరు ససేమిరా అన్నారట. ముఖం ఇంత చేసుకుంది పాపం.

మీ భయం నాకు తెలుసు. కన్నతల్లికి ఆ భయం ఉండాల్సిందే. కాకపోతే మీరు చలిగాలి గురించి, జలుబు గురించి, గుడారంలో పడుకోవడం గురించి బెంగపడుతున్నారు. వాటికి మందుంది. మంచి స్లీపింగ్ బ్యాగు, ఉన్ని టోపీ, రాత్రి పడుకోబోయే ముందు కడుపునిండా వేడి తిండి ఉంటే గుడారంలో సున్నా డిగ్రీలు పెద్ద లెక్కలోది కాదు. భయపడాల్సింది నీళ్ళకి. ఆ సంగతి మీకు చెప్పాలనే ఈ చీపురు పక్కన పెట్టి వచ్చాను.

ముందు అసలు పిల్లలు ఈ రోజుల్లోనే ఎందుకు వెళ్దామంటారో వినండి. బౌండరీ వాటర్స్ అంటే కెనడా సరిహద్దు పొడుగునా పది లక్షల ఎకరాలకి పైగా అడవి, అందులో వెయ్యికి పైగా చెరువులు. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం కిందకి వచ్చింది, 1978లో దానికోసం ప్రత్యేకంగా ఇంకో చట్టం చేశారు. దాదాపు అన్ని చెరువుల్లోనూ మోటారు పడవలు నిషేధం. ఒక చెరువు దాటగానే పడవని భుజాన వేసుకుని అడవిలో నడిచి ఇంకో చెరువులో దింపుకోవాలి. పోర్టేజ్ అంటారు దాన్ని. కెవ్లార్ కనూ అయితే ఇరవై కిలోల లోపే ఉంటుంది, మీ అమ్మాయి ఒక్కతే తలమీద బోర్లించుకుని నడిచెయ్యగలదు.

వేసవిలో అక్కడ రాత్రి ఉండాలంటే ముందే పర్మిట్ దొరకాలి. మే 1 నుంచి సెప్టెంబరు 30 దాకా రోజుకి ఇన్నని లెక్క ఉంటుంది. మంచి దారులన్నీ చలికాలంలోనే బుక్ అయిపోతాయి. అక్టోబరు 1 వచ్చిందంటే ఆ లెక్క లేదు. మనమే కాగితం నింపుకుని ఒక కాపీ పెట్టెలో వేసి వెళ్ళొచ్చు, రుసుం కూడా లేదు. దోమలు, నల్లీగలు మాయం. జూలైలో అక్కడికెళ్ళినవాళ్ళని అడగండి, దోమలు లేని బౌండరీ వాటర్స్ ఎంత వరమో చెప్తారు. ఇంక టామరాక్ చెట్లు! చూడ్డానికి క్రిస్మస్ చెట్టులాగే సూదుల ఆకులే, కానీ అక్టోబరులో ఆ సూదులన్నీ పసుపు పచ్చగా మారి రాలిపోతాయి. బురదనేలల్లో అవి గుంపులు గుంపులుగా ఉంటాయి, ఎండ పడినప్పుడు చూడాలి ఆ అందం. లూన్ పక్షులు ఉంటాయి చూశారా, ఈ రాష్ట్రపక్షి, వాటిలో పెద్దవి ముందే దక్షిణానికి వెళ్ళిపోతాయి. ఆ ఏడు పుట్టిన పిల్లలు మాత్రం ఇంకా కొన్నాళ్ళు ఆ నీళ్ళమీదే ఉండి, తర్వాత దారి చూపేవాళ్ళు లేకుండా తామే వెళ్తాయి. ఇవన్నీ చూసే మనుషులు ఆ నెలలో చాలా తక్కువ. రోజంతా తెడ్డు వేసినా ఇంకో పడవ కనిపించదు.

ఆ కనిపించకపోవడమే మళ్ళీ ప్రమాదం కూడా. జూలైలో బోల్తా పడితే కేక వేస్తే ఎవరో ఒకరు వస్తారు. అక్టోబరులో ఎవరూ రారు, ఫోను సిగ్నలూ చాలా చోట్ల ఉండదు.

అయితే నీళ్ళ సంగతికి వద్దాం. ఇది నిదానంగా వినండి. అప్పుడు పైన గాలి పదిహేను డిగ్రీలు ఉండి, ఎండ కాస్తూ, ఒంటిమీద స్వెటరు కూడా బరువనిపించే రోజులు ఉంటాయి. అదే రోజు కింద నీళ్ళు పది డిగ్రీల లోపే. రాత్రుళ్ళ చలికి పైనీరు చల్లబడి బరువెక్కి కిందకి దిగుతుంది, కిందిది పైకొస్తుంది. నీళ్ళకి నాలుగు డిగ్రీల దగ్గర బరువు ఎక్కువ కాబట్టి చెరువంతా అలా కలగలిసి, అడుగు దాకా చల్లబడ్డాకే పైన మంచు గడ్డకట్టడం మొదలవుతుంది. కాబట్టి ఎండ చూసి నీళ్ళని అంచనా వెయ్యకూడదు. నీళ్ళు మన ఒంటి వేడిని గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి.

మానిటోబా విశ్వవిద్యాలయంలో పనిచేసిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అని ఒక ప్రొఫెసరు ఉన్నారు. చన్నీళ్ళలో మనిషికి ఏమవుతుందో తన ఒంటిమీదే ఎన్నోసార్లు ప్రయోగం చేసుకున్నాయన. ‘ప్రొఫెసర్ పాప్సికల్’ అని పేరు పడిపోయింది. ఆయన చెప్పిన లెక్క ఈ ఉత్తరాది పడవవాళ్ళందరికీ నోటికొచ్చు: ఒకటి, పది, ఒకటి. గడ్డకట్టేటంత చల్లటి నీళ్ళలో పడితే మొదటి ఒక నిమిషం ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవడానికి. తర్వాత పది నిమిషాలు చేతులు, కాళ్ళు మనమాట వింటాయి, ఆ లోపల పడవ ఎక్కడమో, ఒడ్డు పట్టుకోవడమో చెయ్యాలి. ఆ తర్వాత కూడా, తల పైకి తేలి ఉంటే, స్పృహ తప్పడానికి ఒక గంట దాకా పట్టొచ్చు.

మనందరం చలినీళ్ళంటే ఆ ఆఖరి గంట గురించే అనుకుంటాం, మెల్లగా గడ్డకట్టి పోతారని. నిజానికి చాలామంది అంత దూరం రానే రారు. మొదటి నిమిషంలోనే పోతారు. చన్నీళ్ళు ఒంటికి తగలగానే మనం వద్దన్నా ఆగకుండా ఒక పెద్ద ఊపిరి లోపలికి పోతుంది. అప్పుడు ముక్కూ నోరూ నీళ్ళలో ఉంటే ఆ ఒక్క ఊపిరితోనే నీళ్ళు లోపలికి వెళ్తాయి. ఎంత ఈత వచ్చినా అంతే. మా కయాక్ పడవ క్లాసులో దీన్ని మాటల్లో చెప్పి ఊరుకోలేదు. ఒడ్డు పక్కనే, నడుంలోతు నీళ్ళలో, లైఫ్ జాకెట్ వేయించి, పక్కన ఇద్దరు నిలబడి దింపారు. ఛాతీ దాకా మునిగేసరికి నా గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది, మాట రాలేదు. పేరు చెప్పమంటే చెప్పలేకపోయాను. టీచరు నా కళ్ళలోకి చూస్తూ ‘వదులు, ఊపిరి బయటికి వదులు’ అంటూనే ఉన్నాడు. కాసేపటికి అదుపులోకి వచ్చింది. అప్పుడు ఒక ప్లాస్టిక్ బకిల్ చేతికిచ్చి పెట్టమన్నాడు. పెట్టగలిగాను. ఇంకొంచెం సేపటికి మళ్ళీ పెట్టమంటే వేళ్ళు వంగలేదు. పది నిమిషాలన్నది అక్కడ నాకు ఒంటికి పట్టింది.

అందుకే లైఫ్ జాకెట్ ఒంటిమీద ఉండాలి. ఇక్కడి చట్టం ప్రకారం పడవలో ఎంతమంది ఉంటే అన్ని జాకెట్లు అందుబాటులో ఉండాలి, పదేళ్ళలోపు పిల్లలు వేసుకునే తీరాలి. పెద్దవాళ్ళు పక్కన పెట్టుకుంటే సరిపోతుందని చాలామంది సీటు కింద పెడతారు. వేళ్ళు వంగని చోట, ఊపిరి అందని చోట ఆ జాకెట్ వెతికి తొడుక్కోవడం అయ్యేపని కాదు. మన దగ్గరా ఇదే కథ వదినగారూ. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో, 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోట్లు మునిగాయి. ఎన్ని ఇళ్ళు చీకటయ్యాయో మీకు గుర్తుంది. ఆ వార్తలు చూసినప్పుడల్లా నాలుగు రోజులు లైఫ్ జాకెట్ల గురించి మాట్లాడుకుని మర్చిపోతాం. నీళ్ళు చల్లగా ఉన్నా వెచ్చగా ఉన్నా ఆ జిప్పు పైదాకా లాగి ఉండాలి, నేను ఈ ఒక్క విషయంలో ఎవరితోనూ రాజీపడను.

ఇంక బట్టలు. ఇక్కడివాళ్ళు గాలికి కాదు, నీళ్ళకి తగ్గట్టు కట్టుకోవాలంటారు. మీ అమ్మాయి జీన్సు, కాటన్ హుడీ వేసుకుని బయల్దేరితే మాత్రం నేనూ మీతో కలిసి గుమ్మంలో అడ్డంగా నిలబడతాను. నూలుబట్ట తడిస్తే నీళ్ళని పట్టుకుని ఒంటికి అతుక్కుంటుంది, వెచ్చదనం సున్నా. ఉన్ని గానీ ఫ్లీస్ గానీ తడిసినా కొంత కాపాడతాయి. వాటిమీద డ్రైసూట్ ఉంటే అన్నిటికన్నా మేలు. మెడ దగ్గర, మణికట్ల దగ్గర రబ్బరు పట్టీలు బిగుతుగా పట్టుకుని నీళ్ళని లోపలికి రానివ్వవు. ఒక్క మాట, ఆ సూటు తనంతట తాను వెచ్చదనం ఇవ్వదు, లోపల వేసుకున్న ఉన్నిబట్టలే ఇస్తాయి. కొనాలంటే చాలా ఖరీదు, అద్దెకి దొరికేచోట తీసుకోమనండి. అది కుదరకపోతే నియోప్రీన్ వెట్‌సూటు, కాళ్ళకి నియోప్రీన్ బూట్లు. మారు బట్టలు ఒక జత నీళ్ళు చొరని సంచీలో కట్టి, ఆ సంచీని పడవకి కట్టెయ్యాలి.

ఏమన్నారూ? కయాక్ అయితే సురక్షితమా అనా? కయాక్‌లో నడుం కింద భాగం లోపల ఉంటుంది, చుట్టూ పట్టా బిగిస్తే అల లోపలికి రాదు, కాళ్ళకి గాలి తగలదు. రెండువైపులా తెడ్డుండే కర్రతో గాలికి ఎదురు వెళ్ళడం కూడా తేలిక. ఆర్కిటిక్‌లో ఇన్యూయిట్ వేటగాళ్ళు సీల్ చర్మంతో చేసిన చొక్కాని పడవ అంచుకి బిగించుకుని, బోల్తా పడితే తెడ్డుతోనే మళ్ళీ పైకి లేచేవాళ్ళు. ఆ నీళ్ళలో పడవ వదిలి ఈదడమంటే చావేనని వాళ్ళకి తెలుసు. కానీ ఆ లేవడం రావాలంటే అభ్యాసం కావాలి. సామాన్లతో చెరువు మార్చి చెరువు తిరగాలంటే మాత్రం కనూయే. అది తెరిచి ఉన్న పడవ కాబట్టి పెద్ద అల వస్తే నీళ్ళు నిండుతాయి. గాలి ఉన్న రోజు చెరువు మధ్యకి పోకుండా ఒడ్డు వెంబడే వెళ్ళాలి. దారి ఎంత పొడుగైనా సరే. తెల్లవారుజామున నీళ్ళు సాధారణంగా నిశ్చలంగా ఉంటాయి, మధ్యాహ్నానికి గాలి లేస్తుంది. నెలాఖరుకి సాయంత్రం ఆరుకల్లా పొద్దు వాలిపోతుంది, అందుకని మూడింటికే గుడారం వెయ్యాలి.

లేక్ సుపీరియర్‌లోకి వెళ్తామంటే మాత్రం వద్దనండి. అది చెరువు కాదు, సముద్రం. 1975 నవంబరు 10న ఎడ్మండ్ ఫిట్జెరాల్డ్ అనే అంత పెద్ద ఓడ తుఫానులో మునిగి 29 మందిలో ఒక్కరూ మిగల్లేదు. శరదృతువు గాలులు ఆ నీళ్ళని ఏం చేస్తాయో దానితో తెలుసుకోవచ్చు.

మనుషులకి ఈ చలినీళ్ళ పిలుపు ఇవాల్టిది కాదులెండి. 1930లో ఎరిక్ సెవరైడ్, వాల్టర్ పోర్ట్ అని ఇద్దరు కుర్రాళ్ళు, చిన్నవాడికి పదిహేడేళ్ళు, మన మినియాపొలిస్‌లోనే పాత కనూ ఎక్కి 2,250 మైళ్ళు వెళ్ళి హడ్సన్ బే చేరారు. ఆఖర్లో చలి తరుముతుంటే తెడ్డు వేశారు. సెవరైడ్ తర్వాత పెద్ద జర్నలిస్టయి 1935లో దాని మీద పుస్తకం రాశాడు. వాళ్ళ ధైర్యం గొప్పదే, కానీ నాకు అంతకన్నా ఇక్కడి మూలవాసులైన ఓజిబ్వే వాళ్ళంటే ఎక్కువ గౌరవం. వాళ్ళు తరతరాలుగా ఏటా ఆగస్టు చివర, సెప్టెంబరులో చెరువుల్లో మొలిచే అడవి ధాన్యాన్ని కనూలోనే కోస్తారు. ఒకరు వెనక నిలబడి గెడ వేస్తుంటే, ఇంకొకరు రెండు చిన్న కర్రలతో కంకుల్ని వంచి మెల్లగా తడతారు, గింజలు పడవలో పడతాయి. కొన్ని గింజలు నీళ్ళలోకి జారి వచ్చే ఏటికి విత్తనమవుతాయి. ఆ కర్రలు 30 అంగుళాలు మించకూడదని ఇక్కడ చట్టమే ఉంది. ధాన్యం తిని బతికే మనకి ఆ పని చూస్తే చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. నీళ్ళతో ఎలా మెలగాలో వాళ్ళ దగ్గర నేర్చుకోవాలి.

ఒకవేళ ఎవరైనా పడితే ఏం చెయ్యాలో కూడా పిల్లలకి తెలిసి ఉండాలి. పడవని వదిలి ఈదకూడదు, అది తేలుతుంది, దాన్నే పట్టుకోవాలి. బయటికి తీశాక మాట తడబడుతున్నా, చేతిలోంచి వస్తువులు జారిపోతున్నా, ఊరికే విసుక్కుంటున్నా అది హైపోథెర్మియా. పడుకోబెట్టి తడిబట్టలు తీసి, పొడిబట్టలు, స్లీపింగ్ బ్యాగులో పెట్టాలి. చేతులు, కాళ్ళు రుద్దకూడదు, లేపి నడిపించకూడదు. స్పృహ బాగా ఉండి మింగగలిగితే వేడిగా, తియ్యగా ఏదైనా ఇవ్వొచ్చు. బ్రాందీ చుక్క వేస్తే వెచ్చబడుతుందన్న మాట మాత్రం ఒట్టి అబద్ధం, అది వేడిని ఇంకా పోగొడుతుంది.

కాబట్టి వదినగారూ, వద్దని తలుపు మూసేస్తే పిల్ల మీకు చెప్పకుండా వెళ్ళడం నేర్చుకుంటుంది. దానికంటే ఈ సాయంత్రం కూర్చోబెట్టి అడగండి. సూటు ఎవరిది, లైఫ్ జాకెట్ ఏది, ఎన్ని పడవలు వెళ్తున్నాయి, ఏ చెరువు నుంచి ఏ చెరువుకి, ఏ రోజు ఎన్నింటికి తిరిగొస్తారు, ఉపగ్రహ మెసెంజరు అద్దెకి తీసుకున్నారా, ఎవరికి కనూ తిప్పడం బాగా వచ్చు. ఆ దారి కాగితం మీద రాయించి ఒకటి మీ ఫ్రిజ్ మీద అతికించండి, ఒకటి నాకివ్వండి. అన్నిటికీ జవాబుంటే పంపించండి. ఏ ఒక్కదానికి లేకపోయినా వచ్చే జూన్ దాకా ఆగమనండి. నా వెట్‌సూటు మీ అమ్మాయికి సరిగ్గా సరిపోతుంది, రాత్రికి వచ్చి తొడిగి చూసుకోమని చెప్పండి.