మాత్ర గురించి రెండు మాటలు

నడుంనొప్పికో మోకాళ్లకో ట్రమడాల్ వాడేవాళ్లు మన ఇళ్లలో చాలామందే. అది నల్లమందు తరహాలో పనిచేసే మందని ఎంతమందికి తెలుసు? 2018లో దాన్ని ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టం కిందికి తెచ్చారు. నెలల తరబడి వేసుకుంటే ఒళ్లు అలవాటుపడుతుంది. పాత మోతాదు చాలదు. ఒక్కసారిగా ఆపితే చెమటలు, వణుకు, నిద్ర పట్టకపోవడం. ఇది మనిషి తప్పు కాదు, మందు స్వభావం. పాత చీటీతో మళ్లీ మళ్లీ కొనకండి. మానాలన్నా డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

అలాగని, క్యాన్సర్ నొప్పితో మెలికలు తిరిగిపోతున్న మనిషికి "అలవాటైపోతుంది" అంటూ అదే తరహా మందైన మార్ఫిన్ వద్దనే బంధువులను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. 1985 నాటి అదే ఎన్‌డీపీఎస్ చట్టపు నిబంధనల వల్ల ఏళ్లపాటు ఆ మందు దొరకడమే కష్టమైంది. ఆ చట్టాన్ని 2014లో సవరించారు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఇలాంటి నొప్పికి ప్రత్యేక విభాగమే ఉంది. అలాంటివారిని దయచేసి అక్కడికి తీసుకెళ్లండి.