జేబులో మూడు చాకులు

నా జేబుల్లో ఎప్పుడూ మూడు చాకులుంటాయి. ఈ మాట వినగానే ఎదుటివారు ముందు నా ముఖం చూస్తారు. తరువాత మాది ఏ జిల్లా అని అడుగుతారు. కర్నూలు జిల్లా అనగానే కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంటారు. 1999లో "సమరసింహారెడ్డి" సినిమా వచ్చింది మొదలు, మా సీమవాళ్ళం వేటకొడవలి లేకుండా కాఫీ హోటలుకైనా వెళ్ళమని లోకం నమ్మకం. నేను ఆదోనిలో పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి. నా చాకుల్లో అన్నిటికన్నా పెద్దదాని అలుగు నా చూపుడువేలంత ఉండదు. ఈ సంగతి ముందుగా మనవి చేసుకుంటే మీరు కుర్చీ జరుపుకోనక్కరలేదు.

అయితే ఒకటి చాలదా, మూడెందుకని మా ఆవిడ పెళ్ళయిన నాటినుంచీ అడుగుతూనే ఉంది. లాల్చీ జేబులు చిరిగితే కుట్టేది ఆవిడే గనుక ఆ ప్రశ్న అడిగే హక్కు ఆవిడకుంది.

మొదటిది పనికొచ్చే చాకు. ఎమ్మిగనూరులో పుష్య మాసంలో జరిగే నీలకంఠేశ్వరస్వామి జాతరలో కొన్నది. కర్ర పిడి, మామూలు ఇనుము. రెండు రోజులు తుడవకపోతే తుప్పు పడుతుంది. రెండు నిమిషాలు రాతిమీద నూరితే మళ్ళీ వెంట్రుకను కోస్తుంది. జామకాయ, పిల్లల పెన్సిలు, ఉగ్గానిలోకి నిమ్మకాయ, పోస్టులో వచ్చిన పుస్తకాల కట్ట - అన్నిటికీ అదే.

రెండోది దర్జా చాకు. విదేశంలో ఉద్యోగం చేస్తున్న పాత శిష్యుడొకడు తెచ్చిపెట్టిన ఎర్రటి స్విస్ చాకు. ఈ జాతి చాకును 1897లో కార్ల్ ఎల్సెనర్ అనే ఆయన సైనికాధికారుల కోసం తయారుచేశాడు. దానిలో సీసా బిరడా లాగే మరచుట్టు కూడా ఉంది. బిరడా సీసాలు మా ఇంటి గడప తొక్కవు. ఆ మరచుట్టుతో మా ఆవిడ బిగుసుకుపోయిన ముళ్ళు విప్పుతుంది. చాకులన్నిటిలోనూ ఆవిడ మన్నించినది అదొక్కటే.

మూడోది మా నాయనది. ఆయన ఎమ్మిగనూరులో గుంటమగ్గం మీద నేసేవాడు. మాచాని సోమప్పగారు 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘంలో సభ్యుడు. పోగు తెగితే ముడివేసి, మిగిలిన కొస కోసెయ్యడానికి చేతికందే చోట ఆ మడత చాకు పెట్టుకునేవాడు. నూరగా నూరగా దాని అలుగు ఈనెపుల్లంత అయింది. ఆయన పోయాక అన్నదమ్ములం సామాను పంచుకుంటే ఎవరూ అడగకుండా మిగిలిపోయింది అదొక్కటే. అందుచేత నాకు దక్కింది. దానితో నేనేమీ కొయ్యను.

తెలుగు మాస్టరుకు చాకుతో ఏం పనని నవ్వకండి. చదువుకూ చాకుకూ పాత చుట్టరికమే. ఇంగ్లీషువాళ్ళు పక్షి ఈకలు చెక్కి కలాలు చేసుకునే రోజుల్లో వాడినదే కలం కత్తి. పేరు అలాగే ఉండిపోయింది. మన పెద్దలు తాటాకుల అంచులు కత్తితో సరిచేసుకుని గంటంతో రాశారు. ఒకే పిడికి ఒక కొసన గంటం, రెండో కొసన చాకు మడిచిపెట్టుకునే పనిముట్లు దక్షిణ దేశంలో ఉండేవి. చాకు అనే మాట పారశీకం నుంచి ఉర్దూ మీదుగా మనకొచ్చింది. వచ్చి పరాయిదిగా ఉండిపోలేదు. తెలివైన పిల్లవాణ్ణి "చాకులాంటి కుర్రాడు" అని మెచ్చుకుంటాం గదా!

అలాంటి కుర్రాడొకడు సుమారు పదేళ్ళ కిందట నా క్లాసులో ఉండేవాడు. అప్పట్లో నేను పనిచేస్తున్న కాలేజీలో ఒకరోజు వాడి సంచిలో చాకు దొరికింది. వెంటనే స్టాఫు మీటింగు పెట్టారు.

"ఎందుకురా ఇది?" అని అడిగారు ప్రిన్సిపాలు గారు.

"సెలవు దినాల్లో పత్తి బోరేలు నింపే పనికి పోతా సార్. మూతి కుట్టినాక సుతిలి కోసేదానికి" అన్నాడు వాడు నేలచూపులు చూస్తూ.

ఆదోని పత్తి మార్కెట్టు ఎరిగిన వాళ్ళెవరికైనా ఆ జవాబు చాలు. కాని ఆ గదిలో చాల్లేదు. "ఇప్పుడు చాకు, రేపు కొడవలి. టీసీ ఇచ్చి పంపడమే మంచిది" అన్నారొకరు. "నిజమే" అన్నారు మరొకరు. వాడు వాళ్ళింట్లో డిగ్రీదాకా వచ్చిన మొదటివాడని నాకు తెలుసు. నా జేబుల్లో మూడు చాకులున్నాయనీ తెలుసు. అయినా నోరు విప్పలేదు. తోటివాళ్ళు నన్నేమనుకుంటారో అని భయం. ఆ అయిదు నిమిషాలు నా జేబులు బరువెక్కినట్టు మరెన్నడూ బరువెక్కలేదు.

ఇంతలో అటెండరు బైండరు దగ్గరనుంచి రిజిస్టర్ల కట్ట తెచ్చి బల్లమీద పెట్టాడు. దానికి సుతిలి బిగించి కట్టి ఉంది. ప్రిన్సిపాలు గారు రెండుసార్లు లాగి చూసి, అలవాటు కొద్దీ నావైపు చెయ్యి చాపారు.

"తెలుగు సార్, మీ దగ్గర చాకుంటుంది గదా, ఇట్లియ్యండి!"

గదిలో ఎవరూ మాట్లాడలేదు. నేను లేచి మూడు చాకులూ తీసి, వరసగా బల్లమీద పెట్టాను. "ముందు నా టీసీ రాయండి సార్" అన్నాను. గొంతు వణికింది. ముందుగా నవ్వింది ప్రిన్సిపాలు గారే. తరువాత ఒక్కొక్కరే నవ్వారు. ఆయన జాతర చాకుతో కట్ట విప్పి, కుర్రవాడి చాకు బల్ల అంచుకు జరిపి, "తీసుకోరా. క్లాసుకు మాత్రం తేవద్దు" అన్నారు. చేతికివ్వలేదు; కత్తి చేతికిస్తే విరోధం వస్తుందని మనవాళ్ళ నమ్మిక.

వాడు తన చాకు తీసుకుంటూ నాయన చాకు చూసి ఆగాడు. "ఇది మగ్గం కాడ వాడేది గదా సార్? మా జేజినాయనకు ఇట్లాంటిదే ఉండె" అన్నాడు. ఆ అయిదు నిమిషాలు నేనెందుకు మాట్లాడలేదో వాడు అడగలేదు. అడిగితే చెప్పుకోవడానికి నాకు జవాబు లేదు.

అదీ మూడో చాకు సంగతి. దానికి పదును లేకపోయినా జేబులో తగులుతూ ఉండాలి. ఇదంతా చెబితే మా ఆవిడ విని, "బాగుంది గాని, పాల పాకెట్టు కొయ్యాలి, ఒక చాకు ఇటివ్వండి" అంది.

చేతికివ్వకుండా గట్టుమీద పెట్టాను.