మాత్ర పక్కన జబ్బు

2025 మార్చి 3, సోమవారం

ఈ నెల మందుల సమీక్ష మొదలైంది. అమెరికాలో నర్సింగ్ హోమ్‌లో ఉండే ప్రతి ఒక్కరి మందులనూ నాలాంటి ఫార్మసిస్టు నెలకోసారైనా చూసి తీరాలి, ఫెడరల్ రూలు. రెండో అంతస్తు పెద్దావిడ చార్టు చూశాను. ఫ్యూరోసమైడ్ పక్కన కారణంగా హార్ట్ ఫెయిల్యూర్ అని రాసి ఉంది. లెవోథైరాక్సిన్‌కు థైరాయిడ్ ఉంది. పాంటోప్రజోల్‌కు ఏమీ లేదు. డిశ్చార్జి కాగితాలు తిరగేస్తే తెలిసింది: ఐసీయూలో ఉన్నప్పుడు కడుపులో పుండ్లు పడకుండా మొదలుపెట్టారు. ఆవిడ ఐసీయూ దాటినా ఎవరూ ఆపలేదు. డాక్టరుకు నోటు పెట్టాను: కారణమైనా రాయండి, మాత్రయినా ఆపండి.

మార్చి 4, మంగళవారం

ఒకాయనకు డైవాల్‌ప్రోయెక్స్ ఇస్తున్నారు, కారణం రాయలేదు. అది మూర్ఛకూ ఇస్తారు, బైపోలార్‌కూ ఇస్తారు, డిమెన్షియాలో గొడవ చేస్తున్నారనీ ఇచ్చేస్తుంటారు. మూడోదైతే తగ్గించి చూడొచ్చు. మొదటిదైతే తొందరపడి తగ్గిస్తే ఫిట్స్ రావచ్చు. ఊహించి రాయడానికి లేదు. చాలా ఏళ్ల కిందట ఫిట్స్ వచ్చేవని కూతురు ఫోన్లో చెప్పింది. పాత న్యూరాలజీ రికార్డులు తెప్పించమన్నాను.

మార్చి 6, గురువారం

ఇక్కడ ఉండేవాళ్ల ఆరోగ్య వివరాలు ప్రభుత్వానికి పంపే ఎండీఎస్ ఫారాలు నింపే నర్సు మన గుంటూరు పిల్ల. 2023 అక్టోబరు నుంచి ఆ ఫారంలో యాంటీసైకోటిక్ లాంటి మందులకు కారణం రాసి ఉందా అని కూడా అడుగుతున్నారు.

"అక్కా, ఈ తాతగారికి క్వెటియాపిన్ ఉంది, డిమెన్షియా తప్ప ఇంకేం లేదు. స్కిజోఫ్రీనియా అని వేసేద్దామంటున్నారు."

"ఎవరన్నా సరే వెయ్యకమ్మా. ఎనభై ఆరేళ్లకు కొత్తగా స్కిజోఫ్రీనియా ఏంటి? ముందు డాక్టర్ని అడుగుదాం."

ఎందుకంటారో తెలుసు. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లను యాంటీసైకోటిక్ వాడేవాళ్ల లెక్కలోంచి తీసేస్తారు, నర్సింగ్ హోమ్ రేటింగు బాగుంటుంది. అందుకే 2023లో ప్రభుత్వం ఈ కోడింగ్ మీదే ఆడిట్లు పెట్టింది. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో క్వెటియాపిన్ లాంటి యాంటీసైకోటిక్ మందులు మరణ ప్రమాదం పెంచుతాయని ఎఫ్‌డీఏ 2005లోనే మందు లేబుల్‌లో పెట్టె కట్టి మరీ హెచ్చరించింది. లేని జబ్బు పేరు ఒకసారి చార్టుకెక్కితే ఏ ఆసుపత్రికి వెళ్లినా ఆయన వెంటే వెళ్తుంది.

మార్చి 11, మంగళవారం

జవాబులొచ్చాయి. పాంటోప్రజోల్ ఆపేశారు. న్యూరాలజీ రికార్డుల్లో ఎపిలెప్సీ దొరికింది, డాక్టరు చార్టులో రాశారు, డైవాల్‌ప్రోయెక్స్ కొనసాగుతుంది. తాతగారి సాయంత్రపు కేకలకు మోకాలి నొప్పి కారణం కావచ్చన్నారు. ఎసిటమినోఫెన్ వేళకు ఇస్తూ, క్వెటియాపిన్ మెల్లగా తగ్గిస్తారట. కొడుక్కీ చెప్పారు.

మాత్రను చూసి జబ్బు రాసే పని మా ఎవరిదీ కాదు. మనిషిని చూసి డాక్టరు రాయాలి, రాసినదానికి మాత్ర సరిపోతోందా అన్నది మేం చూడాలి. వచ్చే నెల తాతగారి నిద్ర, నడక, నొప్పి చార్టులు ముందుగా తియ్యాలి.