కన్ను చూడని చోటు
చూసేది కళ్లే అనుకుంటాం గానీ, కన్ను పంపే బొమ్మలో ఓ చిల్లు ఉంది. రెటీనా నుంచి నరం బయటికి పోయే చోట వెలుగును పట్టే కణాలే లేవు. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఎడ్మ్ మారియట్ ఈ గుట్టు బయటపెట్టాడు. అంతకుముందు తెలియకపోవడంలో వింతేం లేదు. ఒక కంటి ఖాళీని రెండోది పూడుస్తుంది. ఒక కన్ను మూసినా, చుట్టూ ఉన్న రంగునీ గీతనీ బట్టి మెదడే అక్కడ ఏదో అల్లేస్తుంది, మనతో మాటైనా చెప్పకుండా! కళ్లారా చూశానని ఒట్టేసేవాళ్లను తలుచుకుంటే నాకు కాస్త భయమే.

నమ్మరా? కాగితంపై అడ్డంగా గీత గీసి, దానిమీద ఎడమన ప్లస్, దానికి 8 సెంటీమీటర్ల దూరంలో కుడివైపు చుక్క పెట్టండి. ఎడమ కన్ను మూసి, ప్లస్‌నే చూస్తూ కాగితాన్ని మెల్లగా దగ్గరికి తెండి. దాదాపు అడుగు దూరంలో చుక్క మాయమవుతుంది. గీత మాత్రం తెగదు.